ఇరవై మందికి ఇంటి కాక్‌టెయిల్స్: ప్రాజెక్టు డైరీ

మార్చి మొదటి వారం

మే నెలలో అక్కా బావల పెళ్లిరోజు. ఈసారి మా ఫ్లాట్‌లోనే చేద్దామని నేనే అన్నాను. వచ్చేది ఇరవై మంది దాకా. తాగేవాళ్లూ ఉన్నారు, ముట్టనివాళ్లూ ఉన్నారు, "ఒక్క గుక్క రుచి చూస్తా" అని సగం గ్లాసు ఖాళీ చేసేవాళ్లూ ఉన్నారు.

మన ఇళ్లల్లో మందు పార్టీ ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. టేబుల్ మీద రెండు ఫుల్ బాటిళ్లు, సోడాలు, ఒక గిన్నెలో ఐస్. మగవాళ్లు బాల్కనీలో, ఆడవాళ్లు హాల్లో. తాగనివాళ్ల చేతిలో పేపర్ కప్పు, అందులో గ్యాసు పోయిన కూల్‌డ్రింకు. గంటకల్లా ఐస్ అయిపోతుంది, ఎవరో ఒకరు బండి తీసుకుని కిందికి పరిగెడతారు.

ఈసారి కాక్‌టెయిల్స్ పెట్టాలని ఉంది. కానీ బార్‌లో కుర్రాడిలా కౌంటర్ వెనక నిలబడి సాయంత్రమంతా షేకర్ ఊపడం నాకు ఇష్టం లేదు. పిలిచిన మనిషి కూర్చోకపోతే వచ్చినవాళ్లకి కూడా మొహమాటంగా ఉంటుంది. అందుకని చేయగలిగినదంతా ముందే చేసి సీసాల్లో పెట్టేయాలి. తాగనివాళ్ల గ్లాసు మీద కూడా అంతే పని జరగాలి. సరుకులు మా వీధి కూరగాయల బండి, కిరాణా కొట్టు, వైన్ షాపుల్లో దొరికేవే అయి ఉండాలి. ఇవీ నేను పెట్టుకున్న షరతులు.

ఫోన్లో బావకి చెబితే నవ్వాడు. "బామ్మర్దీ, నాకు మాత్రం విస్కీ, సోడా. రంగునీళ్లు పోశావంటే లేచి వెళ్లిపోతా" అన్నాడు.

మార్చి రెండో వారం: కొలతలు

1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊళ్లో వెలువడే ఒక పత్రిక, కాక్‌టెయిల్ అంటే ఏమిటని పాఠకుడు అడిగితే జవాబు రాసింది: మద్యం, పంచదార, నీళ్లు, బిటర్స్ (మూలికల చేదు సారం). నాలుగే. ఇప్పటికీ ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్‌లో ఉండేది ఈ నాలుగే. మనం ఎప్పుడూ మర్చిపోయేది మూడోదాన్ని. రెసిపీల్లో నీళ్లని ఎవరూ రాయరు, ఎందుకంటే అవి ఐస్ కరిగి వస్తాయి. ముందే కలిపి పెట్టాలంటే మాత్రం ఆ నీళ్లని లెక్క కట్టి మనమే పోయాలి. అందుకే ప్రాజెక్టులో మొదటి పని నీళ్ల లెక్క.

పెద్ద సామాను ఏమీ కొనలేదు. కొలతకి 30, 60 పడే పెగ్గు మెజర్ ఒకటి. చిన్న కొలతలకి దగ్గు మందు సీసా మీద వచ్చే మూతలు భేషుగ్గా పనికొస్తాయి, వాటి మీద 5, 10 గీతలు ఉంటాయి. అమ్మ దగ్గర వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు ఉంది. షేకర్ బదులు అటక మీది మరచెంబు దింపాను. పూర్వం రైలు ప్రయాణాల్లో మంచినీళ్లకి వాడిన స్టీలు చెంబు, మర బిగిస్తే చుక్క కారదు. చల్లబడ్డాక లోపలి గాలి ముడుచుకుని మూత బిగుసుకుపోతుంది, అది ఒక్కటే ఇబ్బంది. మర చుట్టూ గోరువెచ్చటి తడిగుడ్డ చుట్టి తిప్పితే వచ్చేస్తుంది.

లెక్క ఇలా చేశాను. గ్లాసులో విస్కీ 60 మి.లీ., సిరప్ ఒక టీస్పూను, రెండు జల్లుల బిటర్స్. తూచాను. పెద్ద ఐస్ ముక్కలు వేసి అర నిమిషం స్పూనుతో తిప్పి, ఐస్ తీసేసి మళ్లీ తూచాను. పదిహేను గ్రాముల దాకా పెరిగింది. అంటే తిప్పి చేసే ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో దాదాపు అయిదో వంతు నుంచి నాలుగో వంతు వరకు నీళ్లు చేరుతున్నాయి. అదే డైకిరీని (రమ్ము, నిమ్మరసం, సిరప్ కలిపే డ్రింకు) మరచెంబులో గట్టిగా ఊపి చూస్తే కథ వేరు. 105 మి.లీ. పోస్తే 150 దాకా తేలింది. ఊపితే ఐస్ పగులుతుంది, ముక్కలై త్వరగా కరుగుతుంది, గాలి కూడా పట్టుకుంటుంది. అందుకే రసం పడే డ్రింకుల్ని ఊపుతారు, ఉత్తి మద్యంతో చేసేవాటిని తిప్పుతారు.

మన దేశంలో అమ్మే విస్కీ, రమ్ము చాలా వాటి మీద 42.8 శాతం అని ఉంటుంది. బయటి రెసిపీలు 40, 45 మధ్య లెక్క వేసుకుంటాయి కాబట్టి కొలతలు మార్చనక్కర్లేదు. విస్కీ విషయంలో ఒక మాట. మన చవక విస్కీల్లో చాలావాటికి ఆధారం బెల్లపుమడ్డి నుంచి తీసిన స్పిరిట్. వాటిని తిప్పి చేసే డ్రింకుల్లో వాడితే ఘాటు తప్ప ఏమీ తెలియదు. ఓల్డ్ ఫ్యాషన్డ్‌కి బెంగళూరు, గోవాల్లో తయారయ్యే మాల్ట్ విస్కీ ఒక్క సీసా కొనుక్కోవడం మేలు. పులుపు డ్రింకులకి మామూలుది చాలు.

మార్చి చివర: ఐస్

ఐస్ మీద ఇంత టైమ్ పెడతానని అనుకోలేదు. ట్రేలో చేసిన ఐస్ మధ్యలో తెల్లగా ఉంటుంది. నీళ్లలో కరిగిన గాలి, లవణాలు గడ్డకట్టేటప్పుడు నడిమికి నెట్టబడి అక్కడ ఇరుక్కుపోతాయి. అలాంటి ముక్క త్వరగా పగులుతుంది, త్వరగా కరుగుతుంది. నీళ్లు రెండుసార్లు మరిగిస్తే అద్దంలా వస్తుందని అందరూ అంటారు. మరిగించి చూశాను, తేడా దాదాపు లేదు.

పనిచేసేది వేరే పద్ధతి. ఫ్రీజర్‌లో పట్టే చిన్న థర్మోకోల్ పెట్టె తీసుకుని, శుభ్రంగా కడిగి, నీళ్లు పోసి, మూత లేకుండా పెట్టాలి. పక్కల నుంచి, అడుగు నుంచి చలి చేరదు కాబట్టి పైనుంచే గడ్డకడుతూ కిందికి దిగుతుంది. గాలీ మురికీ అడుగుకి పోతాయి. అడుగున ఇంకా కాసిని నీళ్లు మిగిలి ఉండగానే, అంటే మా ఫ్రీజర్‌లో ఇంచుమించు ఒక రోజుకి, తీసి బోర్లిస్తే పైభాగం గాజులా ఉంటుంది. తీసిన వెంటనే కోయకూడదు, పగులుతుంది. పైన కాస్త చెమ్మ పట్టేదాకా బయట ఉంచి, బ్రెడ్డు కోసే రంపపు కత్తితో గీత గీసి, కత్తి వెనక వైపు మీద పచ్చడి బండతో చిన్నగా కొడితే గీత వెంటే విడిపోతుంది. ఈ ముక్కలు ఓల్డ్ ఫ్యాషన్డ్‌కి మాత్రమే. ఒక్కో గ్లాసుకి ఒకటి.

మిగతా డ్రింకులకి కొనుక్కున్న ఐసే. ఆన్‌లైన్‌లో తినడానికి పనికొచ్చే ట్యూబ్ ఐస్ సంచులు దొరుకుతున్నాయి. చేపల మార్కెట్ దగ్గర దొరికే దిమ్మ ఐస్ చవకే గానీ అది చేపల్ని చల్లగా ఉంచడానికి చేసింది, గ్లాసులో వేయకూడదు. ఎంత కావాలి అంటే మనిషికి కిలో దాకా లెక్క వేసుకోవాలి. మే నెల హైదరాబాద్‌లో అంతకన్నా తగ్గితే టెన్షనే.

ఏప్రిల్ మొదటి వారం: పులుపు

ఏదన్నా కొత్తది కలిపేముందు డైకిరీతో చేయి తిప్పుకోవడం మంచిది. క్యూబాలో శాంటియాగో దగ్గరి డైకిరీ అనే ఊరి పేరు దానికి. 1898 ప్రాంతంలో అక్కడి ఇనుప గనుల్లో పనిచేసిన జెన్నింగ్స్ కాక్స్ అనే అమెరికన్ ఇంజనీరు దాన్ని కలిపాడని చెబుతారు. తెల్ల రమ్ 60, నిమ్మరసం 22, సిరప్ 22. మూడే వస్తువులు కాబట్టి దాచుకోవడానికి ఏమీ ఉండదు, ఏది ఎక్కువైనా నాలుకకి వెంటనే తెలిసిపోతుంది. సిరప్ అంటే పంచదార, నీళ్లు సమానంగా తూచి కరిగించడమే. తీగపాకం రాకూడదు, కరిగితే చాలు.

మన చిన్న నిమ్మకాయ పులుపు కాయకాయకీ మారుతుంది. గూడూరు నుంచి వచ్చే కాయ అని చెప్పి అమ్మేవాటిలో కూడా ఒకటి పలుచని తొక్కతో నిండా రసం, ఇంకోటి బిరుసుగా ఉంటుంది. అందుకని రసం మొత్తం ఒక గిన్నెలోకి పిండి, కలిపి, అప్పుడు కొలవాలి. పిండేటప్పుడు తొక్కని నలిపేస్తే చేదు దిగుతుంది. ఇక రసం పిండిన కొన్ని గంటలకే వాసన మారిపోతుంది. పొద్దున పిండింది రాత్రికి పనికిరాదని కాదు, కానీ తేడా తెలుస్తుంది. అంటే నిమ్మరసం పడే డ్రింకుల్ని ముందు రోజే కలిపి సీసాలో పెట్టడం కుదరదు. ఇరవై మందికి అప్పటికప్పుడు పిండుతూ ఊపుతూ కూర్చోవడం నా షరతుకి విరుద్ధం. డైకిరీ మెనూలోంచి ఔట్. ఇద్దరు ముగ్గురు వచ్చిన రోజు దానికి మించింది లేదు.

ఇక్కడ మన వంటిల్లు అక్కరకొచ్చింది. నిలవ ఉండే పులుపు మన దగ్గర ఉండనే ఉంది. మార్చి, ఏప్రిల్‌లో కొత్త చింతపండు వస్తుంది, పాతదానిలా నల్లగా ఉండదు, పులుపులో కాస్త పండు రుచి ఉంటుంది. 50 గ్రాములు 150 మి.లీ. వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, పలుచటి గుడ్డలో వడకట్టాను. ఫ్రిజ్‌లో మర్నాటికీ రుచి మారలేదు.

విస్కీ 60, చింతపండు రసం 30, బెల్లం సిరప్ 20, చిటికెడు ఉప్పు. ఉప్పు గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు, పులిహోర కలిపే చెయ్యికి అది తెలుసు. ఉప్పుగా అనిపించేంత కాదు, చేదుని అణిచేంత.

విస్కీ సార్ (sour, అంటే పులుపు డ్రింకు) చేసేటప్పుడు నురగ కోసం కోడిగుడ్డు తెల్లసొన వేస్తారు. వేసి చూశాను. నురగ అందంగా వచ్చింది, కానీ ముక్కు దగ్గరికి రాగానే నీచు వాసన. పైన బిటర్స్ చుక్కలు వేసేది అందం కోసమే అనుకుంటాం గానీ అసలు పని ఆ వాసన కప్పడమే. మా ఇంట్లో గుడ్డు తిననివాళ్లూ వస్తున్నారు, పచ్చి గుడ్డు భయమూ ఉంది. కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు చల్లార్చి 20 మి.లీ. వేస్తే అంతే నురగ వస్తుంది. ఉప్పు వేయకుండా ఉడికించాలి, నీళ్లు కాస్త జిగురుగా అయ్యేదాకా మరిగించాలి. ముందు ఐస్ లేకుండా ఊపి, తర్వాత ఐస్ వేసి ఊపాలి. శనగలు మర్నాడు టిఫిన్‌లోకి.

ఏప్రిల్ రెండో వారం: గోంగూర

"గోంగూరతో ఏం చేస్తున్నావ్?" అని ఈ ప్రాజెక్టు గురించి విన్న ప్రతివాళ్లూ అడిగారు. సరే, చేశాను. ఎర్ర కాడల గోంగూర ఆకులు ఏడెనిమిది, మరచెంబులో పప్పు గుత్తితో నలిపి, జిన్ 60, సిరప్ 20 వేసి ఊపి, రెండుసార్లు వడకట్టాను. మొదటి నిమిషం అద్భుతం. పచ్చటి రంగు, నాలుక చివర పులుపు, వెనక కాస్త వగరు. కాసేపటికి రంగు దిగిపోతుంది. పులుపులో ఆకుపచ్చ నిలవదు, గోధుమరంగుకి తిరుగుతుంది. ఉడికించి సిరప్ చేస్తే రంగు సంగతి అటుంచి, పచ్చడి వాసన వచ్చేస్తుంది. పచ్చడిగా అది గొప్ప వాసనే, గ్లాసులో కాదు.

చేసిన వెంటనే తాగే డ్రింకుగా గోంగూర బాగుంది. ముందే చేసి పెట్టే డ్రింకుగా కాదు. పేరు బాగుందని మెనూలో పెట్టే అలవాటు బార్లకి ఉంది, నాకు వద్దు.

మామిడి అల్లం మాత్రం దొరికిన నిధి. చూడటానికి అల్లం, పసుపు కొమ్ముకి దగ్గరి చుట్టం, వాసన పచ్చి మామిడిది. పచ్చడికి తెచ్చిన దాంట్లోంచి 100 గ్రాములు తురిమి, 200 గ్రాముల పంచదారలో కలిపి గంటసేపు వదిలేశాను. నీరు ఊరింది. 200 మి.లీ. వేడినీళ్లు పోసి, కరిగించి, వడకట్టాను. స్టవ్ మీద మరిగించకూడదు, మామిడి వాసన ఆవిరైపోతుంది. గోవా జిన్ 45, ఈ సిరప్ 20, నిమ్మరసం 10, పైన చల్లటి సోడా. అరచేతిలో ఒకసారి చరిచిన కరివేపాకు రెబ్బ. జిన్ తీసేసి సోడా బదులు టానిక్ పోస్తే తాగనివాళ్ల గ్లాసు. టానిక్‌లోని క్వినైన్ చేదు అక్కడ జిన్ లేని లోటు తీరుస్తుంది. ఉత్తి సోడా పోస్తే నిమ్మసోడాలాగే ఉంటుంది, టానిక్‌తో పెద్దవాళ్లు తాగేదిలా ఉంటుంది.

సోడా ఎప్పుడూ ఫ్రిజ్‌లోంచి తీసినదే పోయాలి. వెచ్చటి సోడాని ఐస్ మీద పోస్తే సగం గ్యాసు అక్కడే పోతుంది.

ఏప్రిల్ మూడో వారం: పాలు విరగ్గొట్టడం

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన పని ఇదే, అందుకే వివరంగా రాస్తున్నాను.

పాత ఇంగ్లీషు పద్ధతి ఒకటి ఉంది. మద్యం, నిమ్మరసం, పంచదార కలిపిన పంచ్‌ని పాలల్లో పోసి, పాలు విరిగాక వడకడతారు. పాల రంగు ఉండదు, పంచ్ రంగూ దాదాపు పోతుంది, తేటగా ఒక ద్రవం వస్తుంది. 1711 నాటి ఇంగ్లీషు రెసిపీ ఒకటి మిగిలి ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1763లో జేమ్స్ బౌడన్‌కి రాసిన ఉత్తరంలో కూడా దీని పద్ధతి ఉంది. అందులో 44 నిమ్మకాయల తొక్కలు బ్రాందీలో నానబెట్టమంటాడు. ఫ్రిజ్ లేని కాలంలో నెలల తరబడి నిలవ ఉండటమే దీని గొప్ప. ముందే చేసి పెట్టుకోవాలనుకునే నాకు ఇంతకన్నా ఏం కావాలి?

హైదరాబాద్‌లో ఉండి టీ వాడకపోతే ఎలా? ఓల్డ్ మంక్ రమ్ము 375 మి.లీ., బాగా చిక్కటి టీ డికాక్షన్ 300, పంచదార 120 గ్రాములు, నిమ్మరసం 120. డికాక్షన్‌లో నాలుగు యాలకులు, రెండు లవంగాలు. అంతా కలిపి చల్లార్చాను.

శుక్రవారం సాయంత్రం పాలు పొయ్యి మీద పెట్టబోతుంటే అమ్మ వచ్చింది. "పన్నీరు చేస్తున్నావా?" అంది. సంగతి చెప్పాను. "శుక్రవారం పూట దీపాలు పెట్టే వేళకి పాలు విరగ్గొడతావుట్రా? అందులోనూ మందు పోసి!" అంది. వాదించలేదు. పంచ్ ఫ్రిజ్‌లో పెట్టేసి శనివారం పొద్దున చేశాను. ఒక రాత్రి ఆగినందుకు మసాలా ఇంకాస్త దిగింది.

చిక్కటి పాలు 250 మి.లీ. పొగలు వచ్చేదాకా వేడి చేసి పెద్ద గిన్నెలో పోశాను. ఇక్కడ వరస ముఖ్యం. పంచ్‌ని పాలల్లో పోయాలి, పాలని పంచ్‌లో కాదు. సన్నటి ధారగా పోస్తుంటే మొదటి గరిటెడుకి ఏమీ కాలేదు, రంగు మాత్రం టీ రంగుకి తిరిగింది. రెండో గరిటెకి అంచుల్లో పొరలు కనబడ్డాయి. పోయడం పూర్తయ్యేసరికి తెల్లటి ముక్కలు, మధ్యలో మురికి గోధుమరంగు నీళ్లు. చూడటానికి ఎవరికీ తాగాలనిపించదు. కలపకుండా గంటసేపు వదిలేశాను. విరుగు మెల్లగా అడుగుకి దిగింది.

జల్లెడలో ఉతికిన నూలు గుడ్డ పరిచి పోశాను. మొదట దిగింది మబ్బుగా ఉంది. దాన్ని పారేయకుండా మళ్లీ అదే విరుగు మీద నెమ్మదిగా పోశాను. అసలు వడకట్టేది గుడ్డ కాదు, గుడ్డ మీద పేరుకున్న విరుగు. రెండోసారి చుక్కలు చుక్కలుగా దిగడం మొదలైంది, ఈసారి తేనె రంగులో, అడుగున పెట్టిన గిన్నె మీది చుక్కల డిజైన్ కనబడేంత తేటగా. చిన్న చుక్క వేలితో అందుకుని నాకాను. టీ ఉంది, వగరు లేదు. రమ్ము ఉంది, గొంతులో మంట లేదు. పాలు లేవు, కానీ పాలు తాగినప్పటి నునుపు నాలుక మీద ఉంది.

కారణం ఏమిటంటే, పులుపు తగిలితే పాలలోని కేసీన్ గడ్డకడుతుంది, గడ్డకడుతూ టీలోని టానిన్లని, రంగునీ పట్టుకుని తనతో తీసుకుపోతుంది. మిగిలిన పాలవిరుగు నీటిలోని ప్రోటీన్లు ఆ నునుపునిస్తాయి. అంతా దిగడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. పిండితే త్వరగా అవుతుంది, కానీ మళ్లీ మబ్బు పడుతుంది. వదిలేయడమే.

గుడ్డలో మిగిలిన విరుగు చూసి అమ్మ "కోవా చేయొచ్చేమో" అంది. అందులో రమ్ము ఉంది, పిల్లలు తింటారు, పారేశాను.

రెండు జాగ్రత్తలు. పాలు కనబడవు కాబట్టి పాలు పడనివాళ్లకి ముందే చెప్పాలి. రెండోది, ఇది పదిహేను శాతం దాకా ఉంటుంది, నాలుకకి అలా తెలియదు. చిన్న గ్లాసులే పెట్టాలి. రమ్ము బదులు ఇంకాస్త డికాక్షన్ పోసి అదే పద్ధతిలో ఇంకో సీసా కూడా చేశాను. అది నెలలు ఉండదు, రెండు మూడు రోజుల్లో తాగేయాలి, పార్టీకి మళ్లీ చేయాలి. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయి, అందుకే మందు ఉన్న సీసా మెడకి ఎర్ర దారం కట్టాను. ఇకమీదట ఇంట్లో మందు ఉన్న ప్రతి సీసాకీ ఎర్ర దారమే.

మే మొదటి వారం: సీసాలు నింపడం

మెనూ తేలిపోయింది. ఓల్డ్ ఫ్యాషన్డ్, టీ పంచ్, మామిడి అల్లం సోడా, చింతపండు సార్, కొంచెం నెగ్రోని.

ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో పంచదార బదులు నన్నారి సిరప్ పోశాను. కడప, కర్నూలు వైపు ఎండాకాలం షర్బత్ తాగినవాళ్లకి ఆ వేరు వాసన చెప్పనక్కర్లేదు. విస్కీలోని చెక్క వాసనతో అది కలిసిపోతుంది. బజారులో దొరికే సిరప్‌లలో కొన్నిటికి రంగు, ఎసెన్సు తప్ప వేరు ఉండదు. లేబుల్ చదివి కొనాలి. ఫుల్ బాటిల్ విస్కీకి సిరప్ 75 మి.లీ., బిటర్స్ నాలుగు టీస్పూన్లు, మంచినీళ్లు 150. లీటరు సీసాలో నిండుగా వచ్చింది, పన్నెండు గ్లాసులు. ఇది 33 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఫ్రీజర్‌లో పెట్టినా గడ్డకట్టదు, నూనెలా చిక్కబడుతుంది. గ్లాసులో అద్దంలాంటి ఐస్ ముక్క, పైన కమలా తొక్క మెలిపెట్టి వదిలితే అయిపోయింది.

అంగోస్తురా బిటర్స్ సీసా ధర చూసి వద్దనుకునేవాళ్లు ఉంటారు. కొనండి. వెనిజులాలోని అంగోస్తురా ఊళ్లో 1824లో జొహాన్ సీగెర్ట్ అనే జర్మన్ డాక్టరు కడుపు మందుగా తయారుచేసినది ఇది. చుక్కల్లో వాడేదే, ఇంట్లో ఒక సీసా ఏళ్ల తరబడి వస్తుంది.

నెగ్రోని అంటే జిన్, కంపారి (ఇటలీ చేదు మద్యం), తియ్య వెర్మూత్ (మూలికలు వేసిన వైను) సమపాళ్లు. 1919లో ఫ్లోరెన్స్‌లో కమిల్లో నెగ్రోని అనే జమీందారు కంపారి, వెర్మూత్, సోడా కలిపే తన అమెరికానోలో సోడా బదులు జిన్ పోయమన్నాడని కథ. మూడూ 150 చొప్పున, నీళ్లు 90. దీన్ని ఫ్రీజర్‌లో పెడితే సగం గడ్డకడుతుంది, ఆల్కహాల్ శాతం తక్కువ. ఫ్రిజ్ చాలు. చేదు అందరికీ పడదని చిన్న సీసాయే చేశాను.

ముందు రోజు గ్లాసులన్నీ ఫ్రీజర్‌లో సర్దాలంటే చోటు లేదు. మామిడి అల్లం సోడాకి స్టీలు గ్లాసులు పెట్టేశాను. ఐస్ వేసిన మరుక్షణం బయట చెమర్చి చేతికి చల్లగా తగులుతాయి, పగిలే భయం లేదు.

పార్టీ రోజు

నాలుగింటికి నిమ్మకాయలు పిండాను, మామిడి అల్లానికి మాత్రమే కాబట్టి అరగంట పని. ఐస్ సంచులు అయిదింటికి వచ్చాయి, వాషింగ్ మెషీన్ పక్కన పెద్ద థర్మోకోల్ పెట్టెలో పోశాను. మంచింగ్ అంతా అక్క వంతు: ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపిన పల్లీలు, చికెన్ వేపుడు, జీడిపప్పు పకోడీ. డైనింగ్ టేబుల్ మీద ఎర్ర దారం సీసాలు ఒకవైపు, దారం లేనివి ఒకవైపు. ఒక్కోదాని ముందు చీటీ: ఏముంది, ఎంత పోసుకోవాలి. పోసుకునేది ఎవరికి వాళ్లే.

చింతపండు సార్ ఒక్కటే అప్పటికప్పుడు ఊపాల్సింది. ఆ పని బావకి అప్పగించాను. విస్కీ సోడా మనిషి కదా, ఇష్టపడతాడో లేదో అనుకున్నాను. మరచెంబు చేతికి ఇవ్వగానే "మా నాయనమ్మ దగ్గర ఇలాంటిదే ఉండేది" అంటూ మొదలుపెట్టి, ఇక ఎవరికీ ఇవ్వలేదు. మూత బిగుసుకున్నప్పుడల్లా తడిగుడ్డ అడగడం, "బామ్మర్దీ, శనగనీళ్లు!" అని కేకలు. తను మాత్రం రెండు నన్నారి ఓల్డ్ ఫ్యాషన్డ్‌లు తాగాడు. "ఇది విస్కీయే, బాగానే ఉంది" అన్నాడు. బావ నోట అంతకన్నా పొగడ్త రాదు.

బాబాయి తన బ్రాండు క్వార్టర్ తనే జేబులో తెచ్చుకున్నాడు. ఆయన సోడా ఆయనకి ఇచ్చేశాం. ప్రతి పార్టీలో ఒకరుంటారు, మార్చే ప్రయత్నం చేయకూడదు.

దారం లేని టీ పంచ్ అన్నిటికన్నా ముందు అయిపోయింది. అది నేను ఊహించలేదు. తాగనివాళ్లే కాదు, ఒకటి రెండు తాగినవాళ్లు కూడా మధ్యలో దాని దగ్గరికి వచ్చారు. పిన్ని మూడోసారి పోసుకుంటూ "ఇందులో పాలు ఎక్కడున్నాయిరా?" అని గ్లాసు లైటుకి ఎత్తి చూసింది. వదిన నెగ్రోని ఒక్క గుక్క తాగి మా అన్నయ్యకి ఇచ్చేసింది. అన్నయ్య దాన్ని వదల్లేదు.

పదిన్నరకి బండ్లు తెచ్చినవాళ్ల తాళాలన్నీ అక్క ఒక గిన్నెలో వేసుకుని కూర్చుంది. ముందే చెప్పి ఉంచాం కాబట్టి గొడవ లేదు, క్యాబ్‌లు బుక్ చేశాం.

మర్నాడు: లెక్కలు

ఐస్ సరిపోయింది, రెండు కిలోలు మిగిలింది. ఓల్డ్ ఫ్యాషన్డ్ అయిపోయింది, అద్దం ఐస్ ముక్కలు అంతకన్నా ముందే అయిపోయి చివర్లో ట్యూబ్ ఐస్‌తో నడిపించారు. ఈసారి రెండు పెట్టెలు గడ్డకట్టించాలి. మామిడి అల్లం సిరప్ సగం మిగిలింది, ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, మజ్జిగలో ఒక చెంచా వేసి చూశాను, బాగుంది. నెగ్రోని రెండు గ్లాసులకి సరిపడా ఉంది. వెర్మూత్ సగం సీసా ఉంది. అది వైనే కాబట్టి మూత తీశాక బయట పెట్టకూడదు, ఫ్రిజ్ తలుపులో పెట్టాను, నెలలోపు వాడేయాలి.

రమ్ము టీ పంచ్ ఒక గ్లాసు దాచాను, నెల తర్వాత రుచి ఎలా ఉంటుందో చూడటానికి. దసరాకి చేసేటప్పుడు తాగని సీసాలు రెట్టింపు, డికాక్షన్ ఇంకాస్త చిక్కగా. సీతాఫలాల కాలం కాబట్టి పాలు విరగ్గొట్టేముందు గుజ్జు కలిపితే ఎలా ఉంటుందో చూడాలి. గుజ్జు చిక్కదనానికి వడకట్టడం రెండు పూటలు పట్టొచ్చు. శుక్రవారం కాకుండా చూసుకోవాలి.